కమ్జోరీ, ఘబ్రాహట్... ఈ రెండు మాటల వెనక

మన ఇళ్లల్లో బీమార్ మనిషి నోటి నుంచి ఎక్కువగా వినిపించే మాటలు రెండు. ఒకటి కమ్జోరీ, రెండోది ఘబ్రాహట్. జ్వరం తగ్గాక కమ్జోరీ. ఇఫ్తార్‌కి గంట ముందు కమ్జోరీ. బిడ్డ రిష్తా కుదరకపోతే ఘబ్రాహట్. కొడుకు సౌదీ నుంచి ఫోన్ చెయ్యకపోతే ఘబ్రాహట్. ఇంత మామూలు మాటలు కాబట్టే వీటిని ఎవరూ పట్టించుకోరు. చూడ్డానికి వచ్చినవాళ్లు “ఆరామ్ కరో, ఇన్షా అల్లా ఠీక్ హో జాతే” అని చాయ్ తాగి లేస్తారు.

బైపాస్ ఆపరేషన్ అయిన మనిషి అంటే మాత్రం ఈ మాటలకు వేరే అర్థం ఉండొచ్చు. కమ్జోరీ వెనక రక్తహీనత ఉండొచ్చు. ఘబ్రాహట్ వెనక లయ తప్పిన ధడ్కన్ ఉండొచ్చు. మా ఖాందాన్‌లో ఒకే మనిషికి రెండూ వచ్చాయి. నేను డాక్టర్‌ని కాను, సహాఫీని. బడి చదువు ఉర్దూ మీడియంలో, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ని. అందుకే చుట్టాల్లో ఎవరు దవాఖానాకు పోయినా తర్జుమాకు నన్ను పిలుస్తారు. ఆ పనిలో డాక్టర్ల దగ్గర విన్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ మీతో చెప్పుకోవాలనిపించింది.

మా మామూది బోధన్, శక్కర్‌నగర్. నిజాంసాగర్ నీళ్లు, చుట్టూ చెరకు, మధ్యలో నిజాం కాలంలో 1930ల చివర్లో కట్టిన చక్కెర ఫ్యాక్టరీ. దాని సైరన్‌తోనే ఆ ఊరు లేచేది, దాని సైరన్‌తోనే అన్నం తినేది. మామూ అందులో ఫిట్టర్. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. జీతం పోయింది, బీమారీలు మిగిలాయి. అందులో మొదటిది షుగర్. “పూరీ ఉమర్ శక్కర్ బనాయా, అబ్ శక్కర్ మేరేకు బనా రహీ” అని మామూ నవ్వేవాడు. షుగర్ ఉన్నవాళ్లకు గుండెనొప్పి ఒక్కోసారి నొప్పిలా రాదు, ఆయాసంలా వస్తుంది. మామూకు అలాగే వచ్చింది. యాంజియోగ్రామ్ తీస్తే మూడు నాళాలు మూసుకుపోయాయి. హైదరాబాద్‌లో బైపాస్ చేశారు. సర్జన్ బయటికొచ్చి ఆపరేషన్ కామ్యాబ్ అన్నాడు. ముమానీ అక్కడే కారిడార్‌లో షుక్రానా నమాజ్ చదివింది.

ఆ కామ్యాబీ దేనిదో ముందు అర్థం చేసుకోవాలి. గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోతే, కాలు నుంచి ఒక సిరను, రొమ్ము లోపలి నుంచి ఒక ధమనిని తీసి పక్కదారి వేస్తారు. కాలి సిరతో ఈ పద్ధతిని 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గట్టిగా నిలబెట్టినవాడు అర్జెంటీనా సర్జన్ రెనే ఫావలోరో. మన దేశంలో మొదటి బైపాస్ 1975లో మద్రాసు పెరంబూర్ రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు. ఇప్పుడది రోజువారీ ఆపరేషన్. మామూ ఫిట్టర్ కాబట్టి ఆయన భాషలోనే చెప్తే వెంటనే పట్టుకున్నాడు: ఇది పైపుల మరమ్మతు. పైపులో పారే నీళ్లు, అంటే ఖూన్, వేరే సంగతి. మోటారు నడిపే కరెంటు, అంటే ధడ్కన్, ఇంకో సంగతి. పైపు కొత్తదైనా ఆ రెండింట్లో తేడా వస్తే మిషన్ నడవదు.

మొదట కరెంటులో తేడా వచ్చింది. ఆపరేషన్ అయిన మూడో రోజు మామూ వార్డులో “దిల్ ఘబ్రారా” అన్నాడు. పక్కనున్న చుట్టం దాన్ని నర్సుకు తెలుగులో “భయపడుతున్నాడు” అని చెప్పాడు. మాటకు మాట చూస్తే తర్జుమా తప్పేం కాదు. నర్సు కూడా మంచి మనసుతోనే “భయం లేదు చాచా, ఆపరేషన్ అయిపోయింది కదా” అని ధైర్యం చెప్పి పోయింది. కాసేపటికి పెద్ద సిస్టర్ వచ్చి ఏమీ అడగకుండా మణికట్టు పట్టుకుంది. నిమిషం సేపు వదల్లేదు. “చాచాకు భయం కాదు, దడ” అని ఈసీజీ తెప్పించింది.

ఈసీజీలో తేలింది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండెలో పై గదులు రెండు ఒక్కసారిగా ముడుచుకోవాల్సింది పోయి, ఒకటే వణుకుతుంటాయి. కింది గదులకు హుకుం ఎప్పుడు వస్తుందో తెలియదు, కాబట్టి అవి ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంటాయి. బైపాస్ అయినవాళ్లలో నూటికి 20 నుంచి 40 మందికి ఇది వస్తుంది, అదీ ఎక్కువగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య. గుండె చుట్టూ కోతతో వచ్చిన వాపు, ఒంట్లో పొటాషియం, మెగ్నీషియం తగ్గడం, వయసు, ఇవన్నీ సబబులే. చాలామందికి మందులతో కొన్ని రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ ఆరు నుంచి ఎనిమిది వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకునేదాకా మాత్రం ఒక ఖత్రా ఉంది. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే ఫాలిజ్. అందుకే ధడ్కన్ నెమ్మదించే గోళీతో పాటు, అవసరమైనవాళ్లకు గడ్డ కట్టకుండా గోళీ కూడా ఇస్తారు.

నబ్జ్ చూడటం మనకు కొత్త విద్య కాదు. చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ దవాఖానాకు మన పెద్దలు పోయింది నబ్జ్ చూపించుకోవడానికే. వెయ్యేళ్ల కింద ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’లో నబ్జ్‌లకు పేర్లు పెట్టాడు. జింకలా దూకేది గజాలీ, అలలా వచ్చేది మౌజీ, చీమలా పాకేది నమ్లీ. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి రాశాడు. తేడాగా కొట్టుకునే నబ్జ్‌లో రెండు రకాలున్నాయన్నాడు: ఆ తేడాలోనూ ఒక క్రమం ఉండేది, ఏ క్రమమూ లేనిది. ఈ రెండోదాన్ని తిబ్‌లో గైర్ ముంతజిమ్ అంటారు. ఇవాళ కార్డియాలజిస్టులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ నాడిని గుర్తుపట్టే గుర్తు సరిగ్గా ఇదే.

నబ్జ్ వేగంగా ఉండటం వేరు, లయ తప్పడం వేరు. దీనికి మన తెలంగాణ మనిషిదే ఒక మిసాల్ ఉంది. పి.వి. నరసింహారావుకు 1990లో అమెరికాలో బైపాస్ అయింది. ఏడాది తిరిగేసరికి ప్రధాని అయ్యారు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలుతుంటే టీవీలో చూసిన ఆయన డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి, బైపాస్ అయిన గుండె ఏమవుతుందోనని ప్రధాని ఇంటికి పరుగెత్తారు. నబ్జ్ చాలా వేగంగా ఉంది, బీపీ పెరిగింది, ధడ్కన్ నెమ్మదించే బీటా బ్లాకర్ మందు ఇంకొక డోసు ఇచ్చారు. పి.వి. జీవిత చరిత్ర రాసిన వినయ్ సీతాపతికి ఆ డాక్టరే ఈ సంగతి చెప్పారు. ఆ రోజు మీద మన దిల్‌లో ఉన్న లెక్క వేరు, అది ఇక్కడ తేలేది కాదు. నేను చూస్తున్నది డాక్టర్ చేసిన పని. మనసు కలత పడితే గుండె వేగం పెరగడం ఎవరికైనా జరుగుతుంది. ఆ వేగంలో దెబ్బకు దెబ్బకు మధ్య దూరం సమానంగానే ఉంటుంది. ఫిబ్రిలేషన్‌లో ఆ దూరమే మారిపోతుంటుంది. రెండూ పేషెంట్ నోట్లో “ఘబ్రాహట్” అనే వస్తాయి. వేలు పెట్టి చూస్తేనే తేడా దొరుకుతుంది.

మామూ లయ ఐదో రోజుకు దారికొచ్చింది. పదో రోజు బోధన్ చేరాడు. డిశ్చార్జ్ కాగితంలో హిమోగ్లోబిన్ 8.8 అని ఉంది. ఆపరేషన్‌కు ముందు 12.4. ఇంటి నిండా చుట్టాలు. “ఇత్నా ఖూన్ కమ్ హై, ఖూన్ కైకు నై చఢాయే?” అని ఒకటే బహస్. దవాఖానా వాళ్లు పైసల కోసం మిగిల్చుకున్నారని కూడా అనేశారు.

మగవాళ్లలో 13 కన్నా, ఆడవాళ్లలో 12 కన్నా తక్కువుంటే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశంలో ఆపరేషన్ల మాట లేకుండానే 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి, మగవాళ్లలో 25 మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత చెప్పింది. అంటే చాలామంది ఆపరేషన్ బల్ల ఎక్కేదే తక్కువ ఖూన్‌తో. బైపాస్‌లో కొంత రక్తం పోతుంది, ఎక్కించే సెలైన్లతో ఉన్నది పలచనవుతుంది. ఆ తర్వాత ఒళ్లు వాపుతో పోరాడుతున్నన్ని రోజులు, తిన్న ఇనుమును పేగులు సరిగా లోపలికి రానివ్వవు. అయినా వెంటనే రక్తం ఎక్కించరు. 2017లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధనలో, దాదాపు 5 వేల మంది గుండె ఆపరేషన్ పేషెంట్లను చూశారు. హిమోగ్లోబిన్ 7.5 కన్నా తగ్గినప్పుడే రక్తం ఎక్కించినా నుక్సాన్ ఏమీ ఎక్కువ కాలేదని తేలింది. కాబట్టి 8.8తో పంపడం లాపర్వాహీ కాదు. ఎముకల్లోని మజ్జ నెమ్మదిగా కొత్త ఖూన్ తయారు చేసుకుంటుంది. రెండు, మూడు నెలలు పడుతుంది. అన్ని రోజులూ ఆ అంకె పైకి పోతుందా, కిందికి పోతుందా అని చూడాల్సింది మనమే.

మామూది కిందికి పోయింది. ఐదో వారంలో బాత్‌రూమ్ దాకా పోతే మధ్యలో గోడ పట్టుకుని నిలబడేవాడు. ఎప్పుడూ నిద్ర. అడిగితే “కమ్జోరీ హై” అనేవాడు. వచ్చినవాళ్లందరూ “ఇత్నా బడా ఆపరేషన్, కమ్జోరీ తో రహతీచ్ హై” అన్నారు. ఒక్క ముమానీకే నమ్మకం కుదరలేదు. మొదటి వారం కన్నా మూడో వారం నయంగా ఉన్న మనిషి, ఐదో వారంలో మళ్లీ ఎందుకు పడిపోయాడని ఆమె సవాల్. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంది. మలం నల్లగా పోతోందని కూడా ఆమే కనుక్కుంది.

ఇనుము గోళీలు వేసుకునేవాళ్లకు మలం నల్లబడటం మామూలే. అది గట్టిగా, ముదురు రంగులో ఉంటుంది. డాంబర్‌లా జిగటగా, పాడు వాసనతో ఉంటే మాత్రం కడుపులో ఎక్కడో రక్తం కారుతున్నట్టు. బైపాస్ అయినవాళ్లు కొత్త నాళాలు మూసుకుపోకుండా యాస్పిరిన్ వేసుకుంటారు. మామూకు దాంతో పాటు ధడ్కన్ తేడా వల్ల గడ్డ కట్టకుండా ఇంకో గోళీ కూడా ఉంది. ఇవి చాలవన్నట్టు, కాలి కోత దగ్గర నొప్పి అంటే దగ్గర్లో ఒకరు నొప్పుల గోళీలు రాసిచ్చారు. మూడూ కలిసి కడుపులో పుండు చేశాయి.

ఇక్కడే ఇంట్లో ఇంకో బహస్ మొదలైంది. “ఖూన్ కమ్ హై, ఊపర్ సే ఖూన్ పత్లా కరనే కీ గోలీ! బంద్ కరో” అని ఒక పెద్దాయన పట్టుబట్టాడు. మన భాషలో ఖూన్ కమ్ కావడం, ఖూన్ పత్లా కావడం ఒకటే అన్నట్టు వినిపిస్తాయి. తెలుగులోనూ ‘రక్తం పలచబడే గోళీ’ అనే అంటాం. నిజానికి ఆ గోళీ రక్తాన్ని పలచన చెయ్యదు, తగ్గించదు. గడ్డ కట్టే గుణాన్ని మాత్రం నెమ్మది చేస్తుంది. ఖూన్ కమ్ అంటే ఎర్రకణాలు తక్కువ. రెండూ రెండు సంగతులు. కారుతున్న మనిషికి గోళీ ఆపకపోతే ఖత్రా. లయ తప్పిన మనిషికి ఆపితే ఫాలిజ్ ఖత్రా. కొత్త నాళాలున్న మనిషికి యాస్పిరిన్ ఆపితే ఇంకో ఖత్రా. ఏది ఎన్ని రోజులు ఆపాలో చెప్పడం ఇంటి పెద్దల పని కాదు.

ముమానీ అంది: “గోలీ బంద్ కరనా కీ రఖనా, డాక్టర్ బోలేగా. మై నై బోలతీ, ఆప్ బీ నక్కో బోలో.” అదే రాత్రి మామూను ఎడపల్లి మీదుగా నిజామాబాద్ తెచ్చారు. హిమోగ్లోబిన్ 6.9. నబ్జ్ 130, మళ్లీ ముంతజిమ్ లేదు. ఖూన్ తక్కువైతే, ఉన్న కొంచెం ఖూన్‌నే తిప్పడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. కోత మానుతున్న గుండెకు ఆ భారం లయ తప్పిస్తుంది. ఖూన్ సమస్య, ధడ్కన్ సమస్య వేరువేరుగా మొదలైనా, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వచ్చాయి.

మహల్లా కుర్రాళ్లు రెండు యూనిట్ల ఖూన్ ఇచ్చారు. అందులో ఒకడు హిందూ, మామూతో ఫ్యాక్టరీలో పనిచేసిన దోస్తు కొడుకు. గొట్టం వేసి చూసి కడుపులో పుండును మూశారు. కార్డియాలజిస్టూ, కడుపు డాక్టరూ ఫోన్‌లో మాట్లాడుకుని, ఒక గోళీ కొన్ని రోజులు ఆపారు, ఒకటి నడిపించారు, నొప్పుల గోళీ పూర్తిగా మానిపించారు. నరం ద్వారా ఇనుము ఎక్కించారు. రెండు నెలలకు ఈసీజీ సాఫ్‌గా వచ్చింది.

ఇప్పుడు తిండి సంగతి. బీమార్ ఉన్న ఇంటికి మనవాళ్లు మొహబ్బత్‌తో పాయా, ఖజూర్, అనార్ పట్టుకొస్తారు. పాయాలో జిగురు ఎక్కువ, ఇనుము తక్కువ. బీట్‌రూట్, అనార్ ఎర్రగా ఉన్నంత మాత్రాన ఖూన్ కావు. ఖజూర్‌లో ఉన్న కొంచెం ఇనుము కన్నా అందులోని చక్కెర, షుగర్ మనిషికి ఎక్కువ లెక్క. కలేజీలో ఇనుము నిజంగానే ఎక్కువ, కానీ కొలెస్ట్రాల్ కూడా ఎక్కువ, డాక్టర్‌ను అడిగి ఎప్పుడో ఒకసారి తినాలి. ఇనుము గోళీ వేసుకున్నాక గంట, రెండు గంటలు చాయ్ తాగొద్దు, చాయ్ ఇనుమును అడ్డుకుంటుంది. నిమ్మరసం సాయం చేస్తుంది. గడ్డ కట్టకుండా వార్ఫరిన్ గోళీ వాడేవాళ్లు పాలకూర, తోటకూర ఒకరోజు గిన్నెడు, వారం రోజులు అసలే లేకుండా తినకూడదు. రోజూ ఒకే మోతాదులో తినాలి.

నమాజ్ కుర్సీ మీద చదివించండి. ఛాతీ ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చేతుల మీద బరువు మోపి సజ్దా నుంచి లేవడం దానికి నుక్సాన్. రంజాన్ వస్తే రోజా గురించి డాక్టర్‌ను, ఆలిమ్‌ను ఇద్దరినీ అడగండి. మరీజ్‌కు దీన్‌లో రుఖ్సత్ ఉంది, బాగయ్యాక కజా, అసలే కుదరనివాళ్లకు ఫిద్యా. గోళీలు ఇఫ్తార్‌కూ సహర్‌కూ మనంతట మనం మార్చుకోవడం మాత్రం దీన్ చెప్పింది కాదు.

ఆపరేషన్ అయిన ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టండి. ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా అంకెలు అంకెలే. రోజూ పొద్దున నబ్జ్, బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టి రాయండి. సమానంగా ఉందా, తేడాగా ఉందా అని పక్కన ఒక ముక్క రాయండి. బరువు రాయండి. ఎంత దూరం ఆగకుండా నడిచారో రాయండి. డాక్టర్ చెప్పిన తారీఖుల్లో హిమోగ్లోబిన్ రాయండి. అన్ని గోళీల పేర్లూ ఒక పేజీలో ఉంచి, ఎవరు కొత్త గోళీ ఇచ్చినా ఆ పేజీ చూపించాకే వెయ్యండి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయితే తర్వాతి చెకప్‌ల సంగతి డిశ్చార్జ్ రోజే ఆరోగ్యమిత్రను అడిగి పెట్టుకోండి.

కూర్చున్నప్పుడు కూడా నబ్జ్ 100 దాటి నిలిచిపోతే, కొత్తగా లయ తప్పితే, కోలుకుంటున్న మనిషి మళ్లీ వెనక్కి పోతే, అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. డాంబర్ లాంటి మలం, రక్తపు వాంతి, స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి, మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో సలహాలు ఆపి 108కి ఫోన్ చెయ్యండి.

మొన్న చెకప్‌కి ముమానీనే మామూ వెంట పోయింది. నన్ను పిలవలేదు. ఆమెకు తెలుగు రాదు, డాక్టర్‌కు ఉర్దూ అంతంతే. “తబియత్ ఎట్లుంది అమ్మా?” అని డాక్టర్ అడిగితే ఆమె నోట్‌బుక్ తెరిచి బల్ల మీద పెట్టిందట. నబ్జ్ 74, బరాబర్. హిమోగ్లోబిన్ 12.1. డాక్టర్ రెండు పేజీలు తిప్పి చూసి, ఇంకేమీ అడగకుండా మందులు రాయడం మొదలుపెట్టాడట.